పలాస జీడి తొక్క నుంచి స్కూలు వ్యాను పైకప్పు దాకా: వేడినీ చప్పుడునూ ఆపే పూతల సంగతి



ఏప్రిల్ మధ్యాహ్నం బడి వదిలే వేళకు, ఎండలో నిలబెట్టిన వ్యాను తలుపు తీయగానే మొహానికి కొట్టే సెగ మీకు తెలియనిది కాదు. సీటు మీద చేయి పెడితే చురుక్కుమంటుంది. బండి కదిలాక అడుగు రేకు దడదడలాడుతుంది. జాతీయ రహదారి 16 మీదకు ఎక్కేసరికి ఆ మోతలో పక్కనున్న పిల్లవాడి మాట కూడా వినపడదు. ఇంటికి చేరిన పిల్లలు తలనొప్పి అంటూ సంచీ పడేసి పడుకుంటే, చదువు ఎక్కువైందని అనుకుంటాం. ఆ అలసటలో ఈ ప్రయాణం వాటా కూడా ఉండవచ్చు.

"ఏదో పూత వేయిస్తే వేడీ రాదట, చప్పుడూ రాదట. నిజమేనా?" ఇది వ్యాను నడిపేవాళ్ళకూ, సొంత కారు ఉన్నవాళ్ళకూ, రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకూ వచ్చే అనుమానమే. కొంత నిజం, కొంత అమ్మకం మాట. ఏది ఏదో తేల్చుకోవడానికి మీ పిల్లల సైన్సు పుస్తకంలోని రెండు పాఠాలు చాలు. ఒకటి ఉష్ణం, రెండోది ధ్వని.

చేత్తో కట్టిన కారు నేర్పే పాఠం

కంపెనీ కారు కొంటే వేడిని, చప్పుడును ఆపే పొరలన్నీ తివాచీ కింద, తలుపు అట్టల వెనుక దాగి ఉంటాయి. అవి ఉన్నాయనే మనకు తెలియదు. కారును స్వయంగా కట్టుకునేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ప్రతి పొరా వాళ్ళే కొని, కోసి, అంటించుకోవాలి. అందుకే ఏ పొర ఏ పని చేస్తుందో వాళ్ళకు బాగా తెలుస్తుంది.

బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును విడిభాగాల పెట్టెగా కూడా అమ్మేవారు. విడిగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పటి కొనుగోలు పన్ను పడేది కాదు. దాంతో ఎంతోమంది తమ షెడ్డులోనే కారు కట్టుకున్నారు. మన దగ్గర అలాంటి కిట్ కార్లు అరుదు. కానీ చేత్తో కట్టిన కార్లు చూడాలంటే దూరం వెళ్ళనక్కరలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో కన్యాబోయిన సుధాకర్ గారు తయారుచేసిన వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బంతి కారు వంటివి ఉన్నాయి. అవి బొమ్మలు కావు, నడిచే బండ్లు. 2005లో ఆయన 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. బడికి వెళ్ళే రోజుల్లో పట్టుకున్న సరదా అది.

మన దేశంలో ఇంజనీరింగ్ విద్యార్థులు 2007 నుంచి బాజా ఎస్ఏఈ ఇండియా పోటీ కోసం చిన్న బండ్లు కడుతున్నారు. ఆ పోటీ నిబంధనల్లో ఇంజనుకూ, నడిపేవారికీ మధ్య లోహపు అడ్డుగోడ తప్పనిసరి. అందం గురించి ఆలోచించే ముందే అగ్ని నుంచి, సెగ నుంచి మనిషిని కాపాడాలన్నది వాళ్ళు నేర్చుకునే తొలి పాఠం. మన టెక్కలిలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మీ పిల్లల్లో ఎవరో ఒకరు రేపు అలాంటి బండి కట్టవచ్చు.

వేడి వచ్చే మూడు దారులు

వేడి బండిలోకి మూడు రకాలుగా వస్తుంది. పైనుంచి ఎండ రూపంలో వచ్చేది వికిరణం. ఇంజను, సైలెన్సరు వేడి రేకు గుండా పాకి వచ్చేది వహనం. వేడెక్కిన గాలి సందుల్లోంచి లోపలికి దూరేది సంవహనం. ఒక్కో దారికి ఒక్కో అడ్డు కావాలి. ఒకే డబ్బాలోని పూత మూడు దారులనూ మూసేస్తుందని ఎవరైనా చెబితే అక్కడే ఆగి ఆలోచించండి.

పైకప్పు సంగతి చూద్దాం. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. చిన్న వ్యాను పైకప్పు 4 చదరపు మీటర్లు అనుకుంటే 4000 వాట్లు. నల్ల రంగు అందులో దాదాపు అంతా పీల్చుకుంటుంది. మంచి తెల్ల రంగు అయిదింట నాలుగు వంతుల దాకా వెనక్కి పంపేస్తుంది. ఇస్త్రీ పెట్టెకు 1000 వాట్లు అనుకుంటే, నల్ల కప్పు మీద నాలుగు ఇస్త్రీ పెట్టెలు, తెల్ల కప్పు మీద ఒకటి పెట్టినట్టు లెక్క. అందులో చాలా భాగం గాలికి పోతుంది, అంతా లోపలికి రాదు. అయినా తేడా ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది.

ఇళ్ళ మీద వేసే కూల్ రూఫ్ పూత చేసే పని ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది. మన పెద్దలు డాబా మీద సున్నం కొట్టించడం కూడా ఇదే సూత్రం.

పూత చేయగలిగేది, చేయలేనిది

ఇప్పుడు అసలు అనుమానం. "సిరామిక్ పూత" పేరుతో అమ్మే డబ్బాలు పని చేస్తాయా? ఎండ తగిలే వైపు, అంటే బయట వేస్తే చేస్తాయి. అక్కడ అది ఎండను తిప్పికొడుతుంది. అదే పూతను ఎండ తగలని లోపలి వైపు వేసి, రేకు గుండా పాకే వేడిని ఆపమంటే మాత్రం పెద్దగా ఆపలేదు. వహనాన్ని ఆపేది మందం. అర మిల్లీమీటరు పూత కన్నా, అదే గుణమున్న 10 మిల్లీమీటర్ల పొర 20 రెట్లు ఎక్కువ ఆపుతుంది.

ఇది ఉద్దానం ఊళ్ళలో పుట్టిన ఎవరికీ కొత్త కాదు. తాటాకు, కొబ్బరాకు కప్పిన ఇల్లు వేసవిలో చల్లగా ఉండేది. రేకుల ఇల్లు కొలిమిలా ఉంటుంది. ఆకుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలే ఆ చల్లదనానికి కారణం. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. ఫోమ్ షీటు కూడా చిన్న చిన్న గదుల్లో గాలిని బంధించిన వస్తువే.

సైలెన్సరు దగ్గర, ఇంజను గోడ మీద అల్యూమినియం రేకు మెరుపు వైపు సెగకు ఎదురుగా ఉండేలా పెడతారు. అది వేడి కిరణాలను 90 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. ఒక షరతు ఉంది. రేకుకూ, వేడి వస్తువుకూ మధ్య కొంత ఖాళీ ఉండాలి. రెండూ అంటుకుంటే అది అద్దంలా పనిచేయడం మానేసి, వేడిని మోసే గరిటె కాడ అవుతుంది.

చప్పుడు వేరు, దాని మందు వేరు

చప్పుడులోనూ మూడు పనులు ఉన్నాయి. రేకు కంపనాన్ని అణచడం ఒకటి. బయటి మోతను అడ్డుకోవడం రెండోది. లోపలికి వచ్చేసిన మోతను పీల్చుకోవడం మూడోది.

పలుచని రేకు డప్పు చర్మం లాంటిది. ఇంజను కదలికకు అదీ మోగుతుంది. దాని వెనుక జిగట పొర అంటిస్తే ఆ కదలిక జిగటలో చిన్నపాటి వేడిగా మారి చచ్చిపోతుంది. తారు షీట్లు, బ్యూటైల్ రబ్బరు షీట్లు, బ్రష్షుతో పూసే డ్యాంపింగ్ పూతలు చేసేది ఈ పని. రేకు మొత్తం కప్పనక్కరలేదు. పెద్ద బల్లపరుపు భాగాల నడిమధ్య, నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అంటిస్తే చాలావరకు మోగడం ఆగుతుంది. మన ఎండకు చవక తారు షీటు మెత్తబడి వాసన వేస్తుంది, పైకప్పు నుంచి ఊడి వేలాడుతుంది. బ్యూటైల్ ఖరీదు ఎక్కువైనా వేడికి బాగా నిలుస్తుంది.

బయటి మోతను అడ్డుకోవడానికి బరువు కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. బండి రేకు 0.8 మిల్లీమీటర్లు ఉంటే చదరపు మీటరుకు 6 కిలోల పైచిలుకు తూగుతుంది. దాని బరువు రెట్టింపు చేయాలంటే ఎంత సరుకు ఎక్కించాలో చూడండి. అందుకే మిల్లీమీటరు కూడా లేని పూత రోడ్డు మోతను పూర్తిగా మింగేస్తుందన్న మాట నమ్మదగ్గది కాదు.

అన్నిటికన్నా చవకైన మందు సందులు మూయడం. తలుపు వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉన్నా, మిగతా 99 వంతులు ఎంత గట్టిగా ఉన్నా, మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. వైర్లు వెళ్ళే రంధ్రాలకు రబ్బరు బుష్‌లు, తలుపు అంచులకు కొత్త రబ్బరు బీడింగ్. ముందు ఇవి చూసుకున్నాకే పూతల జోలికి వెళ్ళాలి.

మన జీడి తొక్క, మన కొబ్బరి పీచు

ఇక్కడ మన ప్రాంతం పేరు వస్తుంది. పలాస అనగానే జీడిపప్పు గుర్తుకొస్తుంది. పప్పు తీశాక మిగిలే తొక్కలో తేనెతుట్టె లాంటి గదులు ఉంటాయి. వాటిలో ఎర్రని గోధుమ రంగు నూనె ఉంటుంది. పచ్చి పిక్కలు ఒలిచే అక్కల చేతులు బొబ్బలెక్కేది ఆ నూనె వల్లే. వేడి చేసి శుద్ధి చేస్తే దాని నుంచి కార్డనాల్ అనే పదార్థం వస్తుంది. దానికి పొడవాటి కర్బన తోక ఉంటుంది. ఆ తోక వల్ల దానితో చేసిన రెసిన్ పెళుసుబారదు, నీటిని దగ్గరకు రానివ్వదు.

ఈ నూనెతో చేసిన పొడిని వాహనాల బ్రేకు లైనింగుల్లో కలుపుతారు. రాపిడిలో పుట్టే వేడిని తట్టుకుంటూ, బ్రేకు కీచుమనకుండా చూడడంలో అది సాయపడుతుంది. ఓడల మీద, తేమ ఉండే చోట్ల వేసే ఎపాక్సీ పూతలు గట్టిపడడానికి కలిపే పదార్థాల్లోనూ కార్డనాల్ నుంచి తయారయ్యేవి ఉన్నాయి. జీడి నూనె దానంతట అది వేడిని ఆపే పూత కాదు. ఆ పూతల కింద రేకును తుప్పు పట్టకుండా కాపాడే పొరలో, బండిని ఆపే బ్రేకులో దానికి చోటుంది.

కొబ్బరి పీచు సంగతీ అంతే. రబ్బరు పాలు చల్లి నొక్కిన పీచును పరుపుల్లో, వాహనాల సీట్లలో వాడతారు. పీచుల మధ్య గాలి సందులు ఉంటాయి కాబట్టి అది చప్పుడును పీల్చుకుంటుంది. కవిటి, కంచిలి వైపు రోడ్డు పక్కన కొబ్బరి డొక్కల కుప్పలు కనిపిస్తే మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. పుస్తకంలోని పాఠానికీ ఊరి పంటకూ ఉన్న బంధం వాళ్ళకు వెంటనే అందుతుంది.

వేయించాలనుకుంటే పని వరుస

1. ముందు తుప్పు. మన తీరంలో ఉప్పు గాలి. రేకు మీద తుప్పు ఉండగా పైన షీటు అంటిస్తే, లోపల తేమ చిక్కుకుని కనబడకుండా రేకును తినేస్తుంది. తీగ బ్రష్షుతో గీకి, జిడ్డు తుడిచి, ప్రైమరు వేసి, పూర్తిగా ఆరనివ్వాలి.

2. వెల్డింగు పనులన్నీ ఇప్పుడే పూర్తి కావాలి. ఫోమ్, తారు షీటు అంటించాక దాని వెనుక వెల్డింగు పెడితే అంటుకునే ప్రమాదం ఉంది.

3. తర్వాత డ్యాంపింగ్ షీటు. చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి, కింద గాలి బుడగ మిగలకూడదు. పూత అయితే ఒకే మందపు దెబ్బగా కాకుండా, రెండు మూడు పలుచని పూతలు వేయాలి. మొదటిది నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా.

4. దాని మీద ఫోమ్. నీరు పీల్చని రకం ఎంచుకోవాలి. స్పాంజిలా నీరు తాగే రకం మొదటి వానకే తుప్పుకు పుట్టిల్లు అవుతుంది.

5. నీరు కారే రంధ్రాలు, బ్రేకు పైపులు, వైర్ల కనెక్టర్లు, ఛాసిస్ నంబరు ఉన్న చోటు. వీటి మీద పూత పడకూడదు.

6. స్ప్రే పని ఆరుబయట, మాస్కుతో చేయాలి. రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలీయురిథేన్ పూతల ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దానికి మామూలు గుడ్డ మాస్కు సరిపోదు. పని జరిగే చోటుకు పిల్లలను రానివ్వవద్దు. వాసన పూర్తిగా పోయేదాకా ఆ బండిలో ఎక్కించవద్దు.

ఈ విషయాల్లో రాజీ వద్దు

ధర్మోకోల్, పాత పరుపు ఫోమ్, దూది బండిలో పెట్టవద్దు. ధర్మోకోల్ సుమారు 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అంటుకుంటే కరిగి బొట్లుబొట్లుగా మండుతూ పడుతుంది. వాహనం లోపలి సరుకు ఎంత నెమ్మదిగా మండాలో చెప్పే ప్రమాణాలు ఉన్నాయి. అమెరికా ప్రమాణం ప్రకారం మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. మన దేశంలో దీనికి ఐఎస్ 15061 ఉంది. సరుకు కొనేటప్పుడు ఈ ప్రమాణం గురించి అడగండి. చెప్పలేకపోతే ఆ సరుకు వద్దు.

చప్పుడు వచ్చే సందులోంచే పొగ కూడా వస్తుంది. సైలెన్సరు చిల్లు పడి మోత పెరిగితే, పైన పూత వేసి మోత తగ్గించడం ప్రమాదకరం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బండి ఎక్కాక పిల్లలకు తరచూ తలనొప్పి, వికారం వస్తుంటే ముందు సైలెన్సరూ, అడుగు రేకూ మెకానిక్కుకు చూపించాలి.

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రంగు మార్చినా ఆర్‌సీలో నమోదు కావాలి. స్కూలు బస్సు పసుపు రంగులో ఉండడానికి కారణం ఉంది, దూరం నుంచే కనిపించాలి. కాబట్టి బయట ఏ పూత వేయించాలన్నా ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. లోపలి వైపు వేసే పొరలకైనా అత్యవసర ద్వారం మూసుకుపోకుండా చూడండి.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి రెండు ప్రయోగాలు చేయండి.

ఒకే సైజు ఖాళీ డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానికి బయట సున్నం, రెండోదానికి మసి లేదా నల్ల రంగు పూయండి. రెంటిలోనూ సమానంగా నీళ్ళు పోసి, మూతపెట్టి, అరగంట ఎండలో ఉంచండి. థర్మామీటరుతో కొలిచి రాసుకోమనండి. వంటింటి థర్మామీటరు చాలు, జ్వరం చూసేది వాడవద్దు.

రెండోది చప్పుడు. స్టీలు కంచాన్ని దారంతో వేలాడదీసి గరిటెతో కొట్టండి. ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఇప్పుడు వెనుక నడిమధ్య చపాతీ పిండి ముద్దను కంచంలో నాలుగో వంతు మేర పలుచగా అంటించి మళ్ళీ కొట్టండి. "ఠప్" మని ఆగిపోతుంది. డ్యాంపింగ్ షీటు వెనుక ఉన్న సైన్సంతా ఆ పిండి ముద్దలో ఉంది.

చివరగా, పూత కన్నా ముందు

ఏ పూతా లేకుండానే, పైసా ఖర్చు లేకుండా, రేపటి నుంచే చేయగలిగినవి ఉన్నాయి. మీ పిల్లల వ్యాను డ్రైవరు గారితో ఒక్కసారి మాట్లాడండి. మధ్యాహ్నం బండి ఎక్కడ నిలుపుతున్నారు? చెట్టు నీడ దొరుకుతుందా? పిల్లలు ఎక్కడానికి అయిదు నిమిషాల ముందు తలుపులు, కిటికీలు అన్నీ తీసి వేడి గాలి పోనిస్తున్నారా? ప్రతి బిడ్డ దగ్గరా నీళ్ళ సీసా ఉందా? లోపల పాటల మోత రోడ్డు మోతకు తోడవుతోందా? ఈ మాటలు తప్పు పట్టినట్టు కాకుండా, ఆయన కష్టం కూడా తెలిసినట్టు అడగండి. రోజంతా ఆ రేకు కింద కూర్చునేది ఆయనే.

మరొక్క మాట మాత్రం ఎప్పటికీ మరవద్దు. ఎండలో ఆపిన కారులో వేడి మొదటి అరగంటలోనే చాలావరకు పెరిగిపోతుంది. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్ళు పెద్దల కన్నా త్వరగా వేడెక్కుతుంది. అందుకే "రెండు నిమిషాల పనే" అని పిల్లలను బండిలో ఉంచి ఎక్కడికీ వెళ్ళవద్దు. వ్యాను తాళం వేసే ముందు చివరి సీటు దాకా నడిచి చూసే అలవాటు ప్రతి డ్రైవరుకూ ఉండాలి. పడుకుండిపోయిన చిన్నారిని ఏ పూతా కాపాడలేదు. చివరి సీటు దాకా వెళ్ళి చూసిన పెద్దవాళ్ళే కాపాడగలరు.

మీ ఇంటి ప్రయోగాల కొలతలను పిల్లల చేత కాగితం మీద రాయించి తరగతి ఉపాధ్యాయులకు పంపండి. ఎండ తగ్గేదాకా పిల్లలు జాగ్రత్త.